చివరి బెంచీలో ఇద్దరు తల్లులు

శుక్రవారం మధ్యాహ్నం నల్లబండగూడ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి బెంచీ ఒకటి ఫెళ్ళున విరిగిన చోట కిందటి వారం కథ ఆపుకున్నాం. బెంచీతో పాటే కామేశం నేల మీద పడ్డాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. పడేసినవాడు నర్సింహ. కామేశం కార్ఖానా క్వార్టర్ల పిల్లలకు నాయకుడు, నర్సింహ ఊరి పిల్లలకు.

అది మొదటి కొట్లాట కాదు. మియాపూరు దాటి బాచుపల్లి వైపు వెళ్ళే మట్టిరోడ్డు పక్కన, ఊరివాళ్ళే బండలు కొట్టి తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న బడి అది. కట్టిన కొత్తలోనే అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు వచ్చి నెలల తరబడి మూతపడింది. మళ్ళీ తెరిచాక, కొత్త కార్ఖానాలో పనికని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ అందులోనే చేరారు. పెద్దలు రోడ్ల మీద అరిచిన నినాదాలు సద్దుమణిగినా పిల్లల నోళ్ళలో మాత్రం మిగిలిపోయాయి. డెబ్బై నాలుగు వచ్చేసరికి ఊరి పిల్లలు గదిలో ఎడమవైపు, క్వార్టర్ల పిల్లలు కుడివైపు కూర్చోవడం ఆచారమైపోయింది. పాఠం చెప్పబోయిన మాస్టార్లు ఒక్కొక్కరే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. పట్నం నుంచి విద్యాధికారి కబురు చేశాడు. ఏడాది చివరి తనిఖీ నాటికి బడి దారికి రాకపోతే తొమ్మిది, పది తరగతులు ఇక్కడ ఎత్తేసి దూరపు బడిలో కలిపేస్తామన్నాడు. అంత దూరం ఆడపిల్లల్ని ఎవరూ పంపరని ఊరికీ తెలుసు, క్వార్టర్లకూ తెలుసు.

బెంచీ విరిగిన సాయంత్రమే హెడ్మాస్టరు యజ్ఞనారాయణ అటెండరు చేత రెండిళ్ళకూ కబురు పంపాడు. తండ్రులకు కాదు, తల్లులకు. తండ్రులు వస్తే ఏమవుతుందో ఆయన చాలాసార్లు చూశాడు. వరండాలోనే కొడుకును నాలుగు బాది, ఇక మీ ఇష్టం సార్ అని వెళ్ళిపోతారు. మర్నాడు వాడు ఆ వాతలను పతకాల్లా తోటివాళ్ళకు చూపించుకుంటాడు. ఈసారి తల్లులతో మాట్లాడి, ఇద్దరిలో ఒకణ్ణి బడి మాన్పించేయాలనే ఆయన మనసులో ఉంది. ఎవర్నో మాత్రం తేల్చుకోలేకపోయాడు.

శనివారం ఒంటిపూట బడి. ప్రార్థన గంట కొట్టకముందే నర్సింహ తల్లి సక్కుబాయి వచ్చేసింది. అంగూరు తోటలో ద్రాక్ష కోతలు జరుగుతున్న రోజులు. కొంగు నడుముకు బిగించి, నడుములో గుత్తులు కోసే కత్తెర అలాగే ఉండగా తోటలోంచి నేరుగా వచ్చింది. ఆమె వెనకే గంజి పెట్టిన నేతచీరలో, గొడుగు పట్టుకుని పుణ్యవతి వచ్చింది. పక్కన కనుబొమ్మ మీద దూదిపట్టీతో కామేశం.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు. పేర్లు తెలుసుకోకముందే పోట్లాట మొదలైంది. తన కొడుకు ఎవరి జోలికీ పోడని, అవతలివాడు ఏదో అనకపోతే చెయ్యెత్తడని సక్కుబాయి అన్నది. తన కొడుకు ఇంట్లో పిల్లికి కూడా పక్కకు జరిగి దారి ఇస్తాడని, ఈ ఊరు వచ్చాకే ఒంటినిండా దెబ్బలని పుణ్యవతి అన్నది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతోంది. ఆ సగంతోనే కోపం రెట్టింపవుతోంది.

“బడిల లొల్లి పెట్టేది మీవోడేనని ఊరంత చెప్తున్నరు” అన్నది సక్కుబాయి.

పుణ్యవతి ఒక్క క్షణం ఆగి హెడ్మాస్టరు వైపు తిరిగింది. “లొల్లి అంటే ఏమిటండీ?”

గొడవ అని చెప్పాడాయన.

“అదే. ఆ లొల్లి మావాడు పెట్టలేదు” అన్నది మళ్ళీ సక్కుబాయి వైపు తిరిగి.

యజ్ఞనారాయణ నవ్వు ఆపుకున్నాడు. తాను కూడా తెనాలి దగ్గర నుంచి వచ్చినవాడే అయినా ఈ వైపు బడుల్లోనే తల నెరిసింది. ఇక్కడ ఎవరిది తప్పో గదిలో కూర్చుని తేల్చలేమని ఆయనకు అప్పుడే అనిపించింది. ముందు అనుకున్న మాటలన్నీ వదిలేసి, అప్పటికప్పుడు తోచింది చెప్పాడు.

“అమ్మా, మీరిద్దరూ ఒక్క పీరియడు తొమ్మిదో తరగతిలో వెనక కూర్చోండి. పిల్లలు ఎలా ఉంటారో మీ కళ్ళతో చూడండి. గంట కొట్టాక కూడా పోట్లాడుకోవాలనిపిస్తే నేనే కుర్చీలు వేయిస్తాను.”

వెనక మిగిలింది ఒకే బెంచీ. సక్కుబాయి జన్మలో బడి బెంచీ మీద కూర్చోలేదు. కూర్చున్నాక కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తంటాలు పడి, చివరికి మఠం వేసుకుని కూర్చుంది. పుణ్యవతి ఆ చివర, ఆమె ఈ చివర. మధ్యలో గొడుగు.

లెక్కల మాస్టారు సీతారామయ్య లోపలికి వచ్చి, ఎప్పటిలాగే ఎవరి వంకా చూడకుండా నల్లబల్ల వైపు తిరిగిపోయాడు. ఈ బడికి వచ్చిన మొదటి నెలలోనే ఆయన కళ్ళద్దాలకు సుద్దముక్క తగిలింది. అప్పటి నుంచి పిల్లలకు వీపు చూపించే పాఠం చెబుతున్నాడు. బల్లతోనే మాట్లాడతాడు, బల్ల మీదే లెక్క ముగిస్తాడు, గంట కొట్టగానే వెళ్ళిపోతాడు. వెనక ఎంత గోల జరిగినా వినపడనట్టు ఉండడం ఆయన నేర్చుకున్న విద్య.

ఆ రోజు గోల లేదు. సీతారామయ్య త్రిభుజం గీశాడు, పేర్లు పెట్టాడు, గొంతు పెంచి మొదటి మాట అన్నాడు. ఆ గొంతు ఖాళీ గుళ్ళో పిలిచినట్టు ఖంగున మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. పిల్లలందరూ వెళ్ళిపోయారేమోనని మెల్లగా వెనక్కి తిరిగాడు.

అందరూ ఉన్నారు. నిటారుగా కూర్చుని తనవైపే చూస్తున్నారు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు. అందులో ఒకావిడ మఠం వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తాను గీసిన త్రిభుజాన్ని కొత్త పెళ్ళికూతురిని చూసినట్టు చూస్తోంది.

సీతారామయ్య సుద్దముక్క కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. తర్వాత, ఈ బడిలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. బల్లను వదిలి పిల్లల మధ్యకు నడిచి వచ్చాడు. కిటికీలోంచి కనిపించే పెద్ద నల్లబండను చూపించాడు. ఊరికి పేరు ఆ బండ వల్లే వచ్చింది. ఎక్కకుండా, తాడు వెయ్యకుండా దాని ఎత్తు ఎంతో చెప్పవచ్చన్నాడు. ఒక కర్ర, దాని నీడ, బండ నీడ ఉంటే చాలన్నాడు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతులో వణుకు పోయింది. చేతులు లేచాయి. కర్ర తానే అయి నిలబడ్డాడు, నీడ ఎటు పడుతుందో ఒంగి చూపించాడు. ముందు వరస పిల్లలు నవ్వితే తానూ నవ్వాడు.

పుణ్యవతి పుట్టింట్లో ఉన్నప్పుడు థర్డ్ ఫారం దాకా చదివింది. లెక్కల్లో ఆమెదే మొదటి మార్కు. పెళ్ళి కుదరగానే పలక మూలన పడింది. మాస్టారు అడిగిన ప్రశ్నకు పిల్లలెవరూ చెయ్యెత్తకపోయేసరికి ఆమె కుడిచెయ్యి తనంతట తాను సగం లేచింది. చూసుకుని దించుకుంది. కానీ పక్కనుంచి సక్కుబాయి చూడనే చూసింది. గొడుగు తీసి కింద పెట్టి దగ్గరికి జరిగి, నీడలు ఎట్ల కొలుస్తరు, జర నాకూ చెప్పమన్నట్టు బల్ల మీద వేలితో గీత గీసింది. పుణ్యవతి ఆ గీత పక్కన ఇంకో గీత గీసింది. చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజం. సక్కుబాయి ఏదో అడిగింది. పుణ్యవతి ఏదో చెప్పింది. గుసగుసలు పెద్దవయ్యాయి.

“ఆ చివరి బెంచీ. మాటలు ఆపాలి” అన్నాడు సీతారామయ్య, తల తిప్పకుండానే.

అన్నాక ఎవర్ని అన్నాడో తెలిసి ఆయన నాలుక కరుచుకున్నాడు. తల్లులిద్దరూ తలలు దించుకున్నారు. నర్సింహ పక్కకు తిరిగి నోరు మూసుకున్నాడు కానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. కుడివైపు నుంచి కామేశం నవ్వాడు. అంతే, గది గదంతా పగలబడి నవ్వింది. ఎడమవైపు వాళ్ళూ కుడివైపు వాళ్ళూ ఒకే సంగతికి కలిసి నవ్వడం ఆ గదికి కొత్త. సీతారామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నవ్వులు సద్దుమణిగాక పాఠం మళ్ళీ సాగింది. అప్పుడు చూసింది సక్కుబాయి.

బల్ల దగ్గర నిలబడే మాస్టారికి పిల్లల మొహాలు కనిపిస్తాయి. వెనక కూర్చున్నవాళ్ళకు చేతులు కనిపిస్తాయి. ఎడమవరస చివర నర్సింహ, కుడివరస చివర కామేశం, మధ్యలో నడిచే దారి. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూడడం లేదు. కానీ నర్సింహ చెయ్యి బెంచీ కిందుగా దారిలోకి సాగింది. ఆ చేతిలో చిన్న అంగూరు గుత్తి. కామేశం చెయ్యి దాన్ని అందుకుంది. కాసేపటికి అదే చెయ్యి కాగితం పొట్లం ఒకటి పట్టుకుని ఇటు వచ్చింది.

సక్కుబాయి మోచేత్తో పుణ్యవతిని పొడిచింది. పుణ్యవతి చూసింది. పొట్లం విప్పుతున్నప్పుడు లోపలి సున్నుండను చూసి ఆమె నోరు తెరుచుకుంది. పొద్దున తన చేత్తో కొడుకు సంచిలో పెట్టిన సున్నుండ అది. గంట కొట్టేదాకా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే మాస్టారు మళ్ళీ కసురుతాడేమోనన్న భయం కూడా ఉంది.

హెడ్మాస్టరు గదిలో పిల్లలిద్దరినీ నిలబెట్టింది సక్కుబాయే. నర్సింహ జేబు చూపించి, కిసెలో ఏముందో తియ్యమన్నది. వాడు సగం కొరికిన సున్నుండ తీశాడు. పుణ్యవతి కొడుకు గుప్పిట విప్పమన్నది. గింజలన్నీ తినేసిన గుత్తి కాడ బయటపడింది. యజ్ఞనారాయణకు తలా తోకా అర్థం కాలేదు. తల్లులు చూసింది చెప్పారు. ఆయన పిల్లలవైపు తిరిగాడు.

ముందు నోరు విప్పింది కామేశం.

“మొదట్లో నిజంగానే కొట్టుకున్నామండి. ఎండాకాలం సెలవుల్లో క్వారీ గుంతలో ఈదడం వీడే నాకు నేర్పాడు. అప్పట్నుంచీ మేం స్నేహితులం. తరవాతవన్నీ ముందే అనుకుని కొట్టుకున్నవండి.”

ఎందుకని అడిగాడు హెడ్మాస్టరు. దానికి నర్సింహ జవాబు చెప్పాడు. గొంతు చిన్నదే కానీ మాట తడబడలేదు.

“మేమిద్దరం కొట్లాడ్తే మిగిలినోళ్ళు సుట్టు నిలవడి సూస్తరు సార్. సూసినంక ఇంటికి పోతరు. మేం కొట్లాడకుంటే అందరు రాళ్ళు అందుకుంటరు.”

పిల్లవాడు ఇంకా చెప్పాడు. తమ స్నేహం బయటపడితే రెండువైపుల వాళ్ళూ తమను వెలేస్తారు, అప్పుడు ఆపేవాళ్ళు ఉండరు. అందుకని ఎక్కడ కొట్టాలో, ఎప్పుడు పడాలో గుంత దగ్గర కూర్చుని అనుకుంటారు. నిన్న బెంచీ విరగడం మాత్రం అనుకోనిది. అది పాతబడిందని ఇద్దరికీ తెలియదు. చిట్లిన కనుబొమ్మను కడిగి, పసుపు అద్ది, గేటు దాకా చాటుగా నడిపించింది కూడా నర్సింహేనని కామేశం చెప్పాడు.

యజ్ఞనారాయణ కుర్చీలో వెనక్కి వాలాడు. బడికి పట్టిన చీడ అనుకుని ఎవర్ని ఏరెయ్యాలా అని ఇన్నాళ్ళూ తాను తలపట్టుకున్నాడో, ఆ ఇద్దరే ఒంటిమీద దెబ్బలు వేయించుకుని బడిని కాస్తూ వచ్చారు. ఆయన గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగాడు.

పుణ్యవతి కళ్ళు ఒత్తుకుంది. రాత్రంతా ఈ నర్సింహను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కొడుకు గాయానికి కాపడం పెట్టింది. సక్కుబాయి మాత్రం కామేశం గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. “నిన్ను నిలదీద్దామని ఒచ్చిన బిడ్డా. మా తోట పండ్లు తింటున్నవని చెప్పొద్దా? మంచి గుత్తులు తెద్దును” అన్నది. అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు పుణ్యవతికి అంటుకుంది. వరండాలో చెవులు రిక్కించి నిలబడ్డ పిల్లలకు లోపల ఏం జరుగుతోందో అంతుపట్టలేదు.

అయితే సంగతి ఇప్పుడే బయటపెడితే ఇద్దరికీ ముప్పేనని హెడ్మాస్టరు అన్నాడు. ఏం చెయ్యాలో ఆలోచించాలన్నాడు. సక్కుబాయి ఆలోచన అప్పటికే అయిపోయింది.

“అది మాకిడువు సారూ. వదినెను తీస్కొని రేపు ఇంటింటికి పోత” అన్నది పుణ్యవతిని చూపించి.

వదినె అన్న మాటకు పుణ్యవతి మొహం విప్పారింది.

ఆదివారం ఉదయం నల్లబండగూడ జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. తలలు పగిలేలా కొట్టుకునే పిల్లల తల్లులు ఒకే గొడుగు కింద వాడ వాడా తిరుగుతున్నారు. ఊళ్ళో సక్కుబాయి మాట్లాడింది, క్వార్టర్లలో పుణ్యవతి మాట్లాడింది. పిల్లల రహస్యం పొక్కనివ్వలేదు. బడిలో వెనక బెంచీ మీద కూర్చుంటే ఎంత బాగుంటుందో, నీడను బట్టి బండ ఎత్తు ఎలా చెబుతారో అదే చెప్పారు. చివర్న ఒక్క మాట కలిపారు: మన పిల్లల వెనక మనం కూర్చుంటే రాయి ఎవడు తీస్తాడో చూద్దాం. మధ్యాహ్నానికి ఎవరింట్లోనో పులిహోర తిన్నారు, ఇంకెవరింట్లోనో సర్వపిండి తిన్నారు. సాయంత్రం సక్కుబాయి ఆ గొడుగు తన ఇంటికే పట్టుకుపోయింది.

సోమవారం ప్రార్థన గంటకు బడి గేటు దగ్గర తల్లులు బారు తీరారు. చంకన పసిపిల్లలతో కొందరు, కూరల సంచులతో కొందరు. యజ్ఞనారాయణ తరగతికి కొందరు చొప్పున వెనక బెంచీలు ఇచ్చాడు. చాలనిచోట చాపలు వేయించాడు. ఊరి తల్లి పక్కన క్వార్టర్ల తల్లి కూర్చునేలా సక్కుబాయే సర్దింది. పిల్లలు గూటాల్లా బిగుసుకుపోయారు. ఇంటర్వెల్లులో నర్సింహ, కామేశం ఒకే గోడ మీద పక్కపక్కన కూర్చుని అందరూ చూస్తుండగా ఒకే పొట్లంలోది తిన్నారు. రెండువైపులా గుసగుసలు రేగాయి. ఊరి పిల్లవాడొకడు కిందికి వంగాడు. వాళ్ళమ్మ వరండాలోంచి వాడి పేరు పెట్టి పిలిచింది, అంతే. వాడు చెప్పు సర్దుకుంటున్నట్టు నటించి లేచాడు. కాసేపటికి క్వార్టర్ల వాడొకడు మెల్లగా వచ్చి అదే గోడ ఎక్కి కూర్చున్నాడు.

ఇంటర్వెల్లు తర్వాత హెడ్మాస్టరు తరగతులు చూసుకుంటూ బయల్దేరాడు. ఆరో తరగతిలోంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. అందులో తల్లుల గొంతులూ ఉన్నాయి. ఎన్నాళ్ళకో ఆయన అడుగు తేలిగ్గా పడింది. తొమ్మిదో తరగతి కిటికీ దగ్గరికి వచ్చి, తనకు తెలియకుండానే చిరునవ్వుతో లోపలికి చూశాడు.

సీతారామయ్య పాఠం చెబుతున్నాడు. చివరి బెంచీలో సక్కుబాయి ఉంది, పుణ్యవతి ఉంది. ఇద్దరి మధ్యా ఒక మగమనిషి. దుమ్ము కొట్టుకుపోయిన తెల్లచొక్కా, చేతిలో రుమాలు. రోడ్డు మీద ఎక్కడో బండి ఆగిపోతే నడిచి వచ్చినట్టున్నాడు. భార్యకు వీలుకాక వచ్చిన తండ్రి అనుకుని కాబోలు, సక్కుబాయి ఆయన్ను జరిపి కూర్చోబెట్టి చేతిలో అంగూరు గుత్తి పెట్టింది. ఆయన ఒక్కొక్క గింజే తింటున్నాడు.

ఆ మనిషి తల తిప్పాడు. యజ్ఞనారాయణ చిరునవ్వు ఆరిపోయింది. కిటికీ ఊచ పట్టుకున్నాడు. తనిఖీకి ఇంకా గడువుంది. రాబోయే ముందు కబురు వస్తుంది. అయినా ఆ మొహాన్ని ఆయన ఎక్కడైనా గుర్తుపడతాడు. పట్నంలో ఆ మనిషి బల్ల ముందు నిలబడి ఎన్నిసార్లు బతిమాలుకున్నాడో.

లోపల సక్కుబాయి గొంతు తగ్గించి ఆయనకు సంగతులు చెబుతోంది. “మంచిగ సదువు నడుస్తుంటే ఎవరో ఆఫీసరు ఈ బడి మూసేస్తడట. ఆయన మొకం నేను సూడలే. రానియ్యి, చెప్పేటియి మస్తున్నయి నాకు.”

విద్యాధికారి చేతిలోని గుత్తిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.

“ఏం చెబుతారో నాకు చెప్పండమ్మా. వింటాను” అన్నాడు.

సక్కుబాయి కొంగు సర్దుకుని పూర్తిగా ఆయనవైపు తిరిగింది.